ఆదాయం గడిలో ఏం రాయాలి?

ఆసుపత్రిలో అడ్మిషన్ ఫారం నింపింది నేనే. పేరు, వయసు 52, బ్లడ్ గ్రూపు అన్నీ రాశాను. వృత్తి అన్న గడి దగ్గర క్షణం కూడా ఆలోచించకుండా 'ఏమీ లేదు' అని గీకేశాను. పక్కనే స్ట్రెచర్ మీద అమ్మ. ఆ కాగితం రెండేళ్ల తర్వాత కోర్టులో నా ముందుకే వస్తుందని అప్పుడు నాకేం తెలుసు?

2022 జులై 14. పొద్దున్నే పాల కోసం వెళ్లి రోడ్డు పక్కన నిలబడిన అమ్మని, వెనక్కి తీస్తున్న వ్యాను గుద్దింది. కుడి తొడ ఎముక, కుడి భుజం విరిగాయి. ఆపరేషన్ చేసి తొడలో రాడ్డు వేశారు. 11 రోజులు వార్డులో ఉంది, మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. ప్రమాదం గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు. డ్రైవరు పారిపోలేదు కూడా, ఆటో పిలిచి ఎక్కించింది అతనే. నేను చెప్పదలుచుకున్నది ఆ తర్వాతి సంగతి: మా అమ్మ పనిచేస్తుందని రుజువు చేయడానికి రెండేళ్లకు పైగా కోర్టు చుట్టూ తిరిగిన సంగతి.

ఇంట్లో నాన్న, నానమ్మ, నేను. నానమ్మకి 84. గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లగలదు, మంచం మీంచి లేవాలంటే మాత్రం మనిషి కావాలి. నాన్నకి బీపీ, షుగరు. అమ్మ ఆసుపత్రిలో ఉన్న మూడో రోజు పాలు పొంగే లోపే గ్యాస్ అయిపోయింది. బుక్ చేయాలని మాకు తట్టలేదు, ఎందుకంటే మా ఇంట్లో గ్యాస్ ఎప్పుడూ అయిపోలేదు. ఐదో రోజు నాన్న బీపీ మాత్రలు లేవు. ఎనిమిదో రోజు చీటీ పాటావిడ ఇంటికొచ్చి, ఇరవయ్యో తారీఖు దాటిందని మొహమాటపడుతూ చెప్పింది. చీటీ ఉందనే సంగతి నాన్నకి తెలియదు. ఆవిడ వెళ్లాక నాన్న చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డారు.

అక్క రెండు నెలలు సెలవు పెట్టి వచ్చింది. తర్వాత మనుషుల్ని పెట్టుకున్నాం. వంటకి నెలకి 5,000, అంట్లకీ ఇల్లు తుడవడానికీ 3,000, నానమ్మ దగ్గర పగలంతా ఉండే ఆవిడకి 12,000. మొత్తం 20,000. అయినా రాత్రిళ్లు నానమ్మని లేపింది నేనే. మందులు, బిల్లులు, బజారు, ఏది ఎప్పుడు అయిపోతుందో చూసుకోవడం ఇవేవీ ఆ 20,000లో లేవు. వచ్చిన ముగ్గురూ మంచివాళ్లే, పని బాగా చేశారు. కాకపోతే ముగ్గురూ రోజూ అడిగే మాట ఒకటే: "ఇవాళ ఏం చేయమంటారు బాబూ?" ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కూడా ఒక పనేనని అప్పటిదాకా నాకు తెలియదు.

కేసు వేయాలన్న ఆలోచన నాన్నది. ఆయన మనసులో ఉన్నది ఆసుపత్రి ఖర్చు తిరిగి రాబట్టడమే. తెలిసినవాళ్లు చెబితే ఒక లాయర్ మేడమ్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ముందు తిట్టారు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలట, మేం వెళ్లేసరికి నవంబరు సగం అయిపోయింది. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, వూండ్ సర్టిఫికెట్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, వ్యాను ఇన్సూరెన్సు పాలసీ నకలు, డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు తెమ్మని చీటీ రాసిచ్చారు. డ్రైవరు, ఓనరు, ఇన్సూరెన్సు కంపెనీ ముగ్గురి మీదా వేయాలి, డబ్బు కట్టేది సాధారణంగా కంపెనీయే అని వివరించారు. అప్పుడు పిటిషన్ నమూనా తీసి ఒక గడి మీద వేలు పెట్టారు. 'బాధితురాలి వృత్తి, నెలసరి ఆదాయం.'

"గృహిణి అని రాయండి మేడమ్. ఆదాయం ఏమీ లేదు" అన్నారు నాన్న.

"అలా రాస్తే మన కేసు మనమే ఓడించుకున్నట్టు" అన్నారావిడ. "ఆవిడ రోజంతా ఏం చేస్తారో రాసుకు రండి. అప్పుడు ఎంత వేయాలో చూద్దాం."

ఆ రాత్రి నేను కూర్చుని రాశాను. వంట, అంట్లు, బట్టలు, ఇల్లు ఊడవడం, బజారు, నాన్న మందులు, నానమ్మ స్నానం. ఏడు పంక్తులు వచ్చాయి. ఇంకేం తోచలేదు. ముప్పై ఒక్కేళ్లుగా ఆ ఇంట్లోనే అన్నం తింటున్నవాణ్ని.

మేడమ్ అది చూసి, "ఇవన్నీ మీరు మనుషుల్ని పెట్టి చేయిస్తున్నవే కదా. పెట్టినా జరగనివి ఏంటి?" అన్నారు. జవాబు నా దగ్గర లేదు. ఇంటికొచ్చి అమ్మనే అడిగాను.

అప్పటికి అమ్మ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. "నేనేం చేస్తాన్రా, అందరు ఆడవాళ్లూ చేసేదే" అంది. ఇలా లాభం లేదని ఒక నోటుపుస్తకం తీసుకుని పక్కన కూర్చుని, "పొద్దున లేవగానే ఏం చేస్తావో చెప్పు, అంతే" అన్నాను. అమ్మ పనులు చెప్పలేదు, జాగ్రత్తలు చెప్పింది. నానమ్మకి సాయంత్రం మాత్ర వేశాక అరగంట పడుకోనివ్వకూడదు, దగ్గు వస్తుంది. నాన్న షుగరు మాత్ర తిండికి ముందు వేసేది, రెండోది తర్వాత. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ఆ రోజే దుప్పట్లు నానబెట్టాలి. పప్పుల డబ్బాలు నెలకోసారి ఎండలో పెట్టకపోతే పురుగు పడుతుంది. ఇస్త్రీకి వేసిన బట్టలు లెక్కపెట్టి ఇవ్వాలి, తెచ్చాక మళ్లీ లెక్కపెట్టాలి. పైవాటా వాళ్ల మోటారు మన మీటరు మీద నడుస్తుంది కాబట్టి కరెంటు బిల్లు వచ్చిన రోజే వాళ్ల దగ్గర వాటా తీసుకోవాలి, రెండ్రోజులు ఆగితే అడగడం బాగోదు. అక్కకి బాగా లేనప్పుడు తను చెప్పదు, ఫోన్లో గొంతుని బట్టి పట్టుకోవాలి. నాలుగు సాయంత్రాలు రాశాను, పద్నాలుగు పేజీలయ్యాయి. మేడమ్ మూడు పేజీలకి కుదించారు. అక్క గొంతు ముక్క కొట్టేశారు. కోర్టుకి అది అనవసరమట. నిజమే కావచ్చు.

ఆవిడ నాకు కొన్ని పాత తీర్పుల జిరాక్సులు చదవమని ఇచ్చారు. వాయిదాలకి వెళ్లే బస్సులో చదివేవాణ్ని, నవలల కంటే ఆసక్తిగా ఉన్నాయి. 1994లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన పరిహారం పట్టికలో, సంపాదన లేని మనిషికి ఏడాదికి 15,000 లెక్క వేశారు. అంటే నెలకి 1,250. సంపాదన లేని భార్యకైతే భర్త ఆదాయంలో మూడో వంతు. ఆ మూడో వంతు ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఒకే రకం పని చేసే ఇద్దరు ఇల్లాళ్లలో గుమస్తా పెళ్లానికో విలువ, ఆఫీసరు పెళ్లానికో విలువ! 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు, 1989 నాటి జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో చనిపోయిన గృహిణుల సేవలకి ఎంత తక్కువగా చూసినా నెలకి 3,000 కట్టాలంది. 2010లో ఇంకో తీర్పు. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే ఆడవాళ్లని బిచ్చగాళ్లతో, ఖైదీలతో ఒకే గాటన కట్టి 'పని చేయనివారు' అన్నందుకు జస్టిస్ గంగూలీ మందలించింది అందులోనే. ఆ వాక్యం దగ్గర నాకు నా అడ్మిషన్ ఫారం గుర్తొచ్చింది.

అన్నిటికంటే మాకు అక్కరకొచ్చింది 2021 జనవరి 5న సుప్రీంకోర్టు ఇచ్చిన కీర్తి కేసు తీర్పు. అందులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా కొన్ని పేజీలు రాశారు. మన కృష్ణా జిల్లా మనిషి కదా, ఇల్లాలి పనుల జాబితాలో పల్లెల్లో నాట్లు, కోతలు, పశువుల పని కూడా మర్చిపోలేదు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే ప్రధానమైన పని అని చెప్పిన ఆడవాళ్లు 15.98 కోట్లు, మగవాళ్లు 57.9 లక్షలు. ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్కేసిన 2019 టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. ఈ 97 చూసి నేను కాస్త స్థిమితపడ్డాను, మరీ అన్యాయం కాదులే అని. తర్వాత మేడమ్ చెప్పారు, అది ఇంటిపని చేసే మగవాళ్ల సగటట. అసలు ఇంటిపని ముట్టుకునే మగవాళ్లే నూటికి 26 మంది. ప్రమాదానికి ముందు నేను ఆ 26లో లేను.

పిటిషన్‌లో నెలసరి ఆదాయం 12,000 అని వేశారు. మొత్తం 15 లక్షలు అడిగాం. కంపెనీ కౌంటరు వేసింది: 'పిటిషనరుకి ఎటువంటి వృత్తి, ఆదాయం లేవు. కనుక ఆదాయ నష్టం అన్న ప్రశ్నే ఉత్పన్నం కాదు.'

మధ్యలో లోక్ అదాలత్‌కి పిలిచారు. అన్నీ కలిపి మూడు లక్షలు ఇస్తామన్నారు. బిల్లులే 2,41,300 ఉన్నాయి. ఒప్పేసుకుందామని ముందు అన్నది అమ్మే. "ఎందుకురా ఈ తిరుగుడు, వాళ్లిచ్చింది తీసుకుని పోదాం." అక్క ఫోన్లోనే అరిచింది. మేం సంతకం పెట్టలేదు.

2024 ఆగస్టులో అమ్మ సాక్ష్యం. బోను ఎక్కడానికి రెండు మెట్లున్నాయి, ఎక్కలేకపోతే జడ్జిగారు కింద కుర్చీ వేయించారు. కంపెనీ తరఫు వకీలు పెద్దాయన, మర్యాదస్థుడే. గొంతు పెంచకుండా అడిగాడు.

"మీకు నెలనెలా ఎవరైనా జీతం ఇస్తారామ్మా?"

"లేదండీ."

"ఇన్‌కమ్ ట్యాక్సు కడతారా?"

"లేదండీ."

"ఆసుపత్రిలో పోలీసులు అడిగితే 'నేనేం పని చేయను, ఇంట్లోనే ఉంటాను' అని చెప్పారు. చెప్పారా లేదా?"

అమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. కానిస్టేబుల్ అడిగినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

"చెప్పానండీ. ఆ బాబు ఉద్యోగం అడుగుతున్నాడనుకున్నాను."

జడ్జిగారు ఆ మాటని ఉన్నదున్నట్టు స్టెనోకి చెప్పి టైపు చేయించారు. వకీలు ఇంకో ప్రశ్న వేశాడు. ఇంట్లోనే ఉండేవారు కదా, కాలు కాస్త మడవకపోతే మీకు వచ్చే నష్టమేంటి అని. అమ్మ కొంచెం ఆలోచించి, "మా అత్తగారి మంచం కిందికుంటుందండీ. నేను గొంతుక్కూర్చుని ఆవిడ చేతులు నా మెడ చుట్టూ వేయించుకుని లేపేదాన్ని. ఇప్పుడు కూర్చోలేను, భుజం లేవదు. ఆవిడ్ని మా అబ్బాయి లేపుతున్నాడు. వాడు లేపితే ఆవిడ సిగ్గుపడుతుంది" అంది.

ఆ చివరి మాట నాకు తెలియదు. రెండేళ్లుగా నానమ్మని లేపుతున్నాను, తెలియదు.

ఆ రోజే మేడమ్ ఒక క్యాలెండర్ బయటికి తీశారు. 2022 నాటిది, మా వంటింటి తలుపు వెనక వేలాడేది, నూనె మరకలతో అట్ట కట్టింది. పాలు పోయించుకోని రోజుకి చుక్క. సిలిండర్ పెట్టిన రోజున 'సి'. మాత్రల స్ట్రిప్పు మొదలుపెట్టిన రోజు చిన్న త్రిభుజం, అది అయిపోయేందుకు రెండ్రోజుల ముందు ఇంకో త్రిభుజం. నీళ్లొచ్చే రోజుకి అడ్డగీత. పక్కన ఇస్త్రీ బట్టల అంకెలు. ఇరవయ్యో తారీఖు చుట్టూ సున్నా, అది చీటీ. అన్నేళ్లు ఆ తలుపు తెరిచి మూసినవాణ్ని, అది పంచాంగం చూసుకోవడానికనే అనుకున్నాను. కంపెనీ వకీలు లేచి, ఇలాంటి గీతలు ఎవరైనా ఎప్పుడైనా గీయొచ్చు, ఇది సాక్ష్యమే కాదన్నాడు. అభ్యంతరానికి లోబడి ఎగ్జిబిట్ ఎ-9గా మార్క్ చేశారు. జడ్జిగారు పేజీలు తిప్పారు. జనవరి, ఫిబ్రవరి... జులై కాగితం మీద 14 దాకా గీతలు కిక్కిరిసి ఉన్నాయి. 15 నుంచి తెల్లగా. ఆగస్టు తెల్లగా, సెప్టెంబరు తెల్లగా. ఆయన ఏమీ అనలేదు, గుమస్తాకి ఇచ్చేశారు.

రెండో సాక్షిని నేను. ఆసుపత్రి ఫారం నా చేతికిచ్చి, ఈ చేతిరాత మీదేనా అని అడిగారు. నాదే అన్నాను. ఇంకేం అడగలేదు, అవసరం లేదు కదా. మనుషులకి 20,000 ఇచ్చినదానికి రసీదులేవీ అన్నారు. జీతాలన్నీ ఫోన్లో కొట్టడం వల్ల బ్యాంకు స్టేట్‌మెంట్ దొరికింది. కేసు వేద్దామనుకునేవాళ్లకి నేను చెప్పగలిగే ఒకే ఒక్క సలహా ఇదే, చేతికివ్వకండి. తర్వాత ఆయన, "మొదటి రెండు నెలలు మీ అక్క చూసుకున్నారు. ఆవిడకి ఎంత ఇచ్చారు?" అన్నారు.

"ఏమీ ఇవ్వలేదండీ."

"దట్సాల్" అని కూర్చున్నారు. నిజం చెప్పొద్దూ, ఆయన మీద కోపం రాలేదు. అక్క అప్పుడు జీతం నష్టం మీద సెలవు పెట్టింది. ఆ సంగతి నేనూ ఎన్నడూ అడగలేదు.

డాక్టరుగారిని రప్పించడానికి నాలుగు వాయిదాలు పోయాయి, ఆ తిప్పలు రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం అంది. ఇందులో తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. 2010 నాటి రాజ్ కుమార్ కేసు ప్రకారం డాక్టరు చెప్పే శాతం వేరు, దానివల్ల ఆ మనిషి బతుకుతెరువుకి తగిలే దెబ్బ వేరు. చెయ్యి పోతే వడ్రంగికీ గుమస్తాకీ ఒకే నష్టం కాదు కదా. ఇంట్లో ఉండేవారికి 15 శాతం చాలని కంపెనీ, వంగి, లేచి, ఎత్తి చేసే పని కనుక 50 అని మేడమ్. మా అదృష్టం కొద్దీ 2024 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చి ఉంది, గృహిణి ఆదాయాన్ని రోజుకూలీ కనీస వేతనం కంటే తక్కువగా లెక్కగట్టడానికి వీల్లేదని. వాదనల్లో మేడమ్ ఎక్కువసేపు చదివింది అదే.

2025 ఫిబ్రవరిలో అవార్డు, అంటే పరిహారం తీర్పు, వచ్చింది. నెలకి 9,000. వయసు యాభై దాటింది కనుక భవిష్యత్తు పెరుగుదల కింద 10 శాతం కలిపి 9,900. ఏడాదికి 1,18,800. ఏడాది ఆదాయాన్ని ఎన్నింతలు చేయాలో వయసుని బట్టి చెప్పే అంకెని గుణకం అంటారు, యాభై రెండేళ్లకి అది 11. వైకల్యం 30 శాతమే తీసుకున్నారు. 3,92,040 వచ్చింది. కదలలేని ఆరు నెలలకి 54,000, బిల్లులు 2,41,300, తోడు మనిషికి 36,000, నొప్పికీ బాధకీ 60,000, రానుపోను, తిండి కింద 20,000. మొత్తం 8,03,340, పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీతో. ముగ్గురు మనుషులకి మేం 20,000 ఇచ్చిన పనికి 9,000 ఏంటని నేను గొణిగాను. మేడమ్ ఫైలు కట్టేస్తూ, "మా సీనియర్ దగ్గర నేను చేరినప్పుడు ఇదే పనికి 3,000 ఇప్పిస్తే స్వీట్లు పంచారు" అన్నారు.

తీర్పులో ఒక పేరా నాన్న రెండుసార్లు చదివించుకున్నారు. 'పిటిషనరు సేవలకు ప్రతిఫలం చెల్లించబడకపోవుట, ఆ సేవలకు విలువ లేదనుటకు ఆధారము కాజాలదు' అన్న ధోరణిలో ఉంటుంది. నాన్న ఏమీ అనలేదు. ఆ వారం బ్యాంకుకి వెళ్లి తన పెన్షన్ ఖాతాలో అమ్మ పేరు చేర్పించారు. అంతకుముందు ఎందుకు లేదో నేను అడగలేదు.

అమ్మకి అంకె చెబితే, "ఎనిమిదా? మంచిదే" అని, వెంటనే, "ఆ క్యాలెండర్ ఇచ్చేస్తారంటనా?" అంది. అప్పీలుకి 90 రోజుల గడువుంటుంది, అది అయ్యాక కాగితాలు వాపసు కోసం ఇంకో అర్జీ పెట్టుకోవాలన్నాను. డిసెంబరు పేజీ వెనక ఎవరిదో ఫోన్ నంబరు రాసుకుందట, మంచాలకి నవారు అల్లే ఆయనది.

ఇప్పుడు తలుపు వెనక కొత్త క్యాలెండర్ ఉంది. చుక్కలు, త్రిభుజాలు ఎక్కువగా నాన్నవే. పెన్ను గట్టిగా నొక్కి రాస్తారు, అవతలి పేజీకి కూడా దిగుతుంది. మొన్న సిలిండర్ మార్చి, నెలాఖరున 27వ తారీఖు మీద 'సి' పెట్టారు, మళ్లీ బుక్ చేయాల్సిన రోజని. అమ్మ వాకర్ లేకుండా నడుచుకుంటూ వచ్చి, చూసి, దాన్ని కొట్టేసి 22 మీద పెట్టింది.

"ఐదు రోజులు ముందే ఎందుకే?" అన్నారు నాన్న.

"పిల్లలకి సెలవులు. అమ్మాయి వాళ్లు వస్తారు కదా."

అక్క వస్తానని మాతో ఇంకా అనలేదు.